గాలి లెక్క సరే, మిగతా లెక్కల మాటేమిటి? పునరుత్పాదక విద్యుత్తులో రిస్క్ అంచనా

క్లుప్తంగా

సౌర, పవన విద్యుత్ ప్రాజెక్టుల్లో ఎండ, గాలి తెచ్చే హెచ్చుతగ్గులను లెక్కగట్టే పద్ధతులు బాగా రాటుదేలాయి. ప్రాజెక్టులను నిజంగా దెబ్బతీస్తున్నవి మాత్రం చాలావరకు ఆ లెక్కకు బయట ఉన్నవే: వడ్డీ రేట్లు, అమ్మకం ధర, గ్రిడ్‌లో చోటు, ప్రభుత్వ విధానం. పైగా ఇవి విడివిడిగా రావు, కట్టగట్టుకుని వస్తాయి. ఒప్పందాలు రిస్కును మాయం చేయవు, ఒకరి నెత్తిన ఉన్నదాన్ని మరొకరి నెత్తిన పెడతాయి. అందుకే ప్రాజెక్టు నివేదికలో ఎంత రిస్క్ రాశారన్నది ఒక్కటే చూస్తే చాలదు. అది ఎవరి వాటాకు వచ్చింది, మిగతా రిస్కులతో ఎలా ముడిపడి ఉంది అన్నవి కూడా చూడాలి.

2023 జులైలో స్వీడన్ ప్రభుత్వ సంస్థ వాటెన్‌ఫాల్, బ్రిటన్ తీరంలో తలపెట్టిన నార్ఫోక్ బోరియాస్ పవన విద్యుత్ ప్రాజెక్టును ఆపేసింది. ఖర్చులు 40 శాతం దాకా పెరిగాయని కారణం చెప్పింది. సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వ వేలం ఫలితాలు వచ్చేసరికి సముద్ర పవన విద్యుత్తుకు ఒక్క బిడ్ కూడా పడలేదని తేలింది. అక్టోబరు చివర్లో డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో కట్టాల్సిన ఓషన్ విండ్ 1, 2 ప్రాజెక్టులను వదులుకుంది. ఈ మూడు చోట్లా గాలి తగ్గలేదు. టర్బైన్లు ఎంత కరెంటు ఇస్తాయన్న అంచనాలోనూ పెద్ద తప్పు లేదు. ఏళ్ల తరబడి కొలతలు తీసి, దశాంశాల దాకా లెక్కలు వేసిన ప్రాజెక్టులు గాలితో ఏ సంబంధమూ లేని కారణాలతో నిలిచిపోయాయి.

లెక్కకు అందేది, అందనిది

రిస్క్, అనిశ్చితి రెండూ ఒకటి కావని ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే విడదీసి చెప్పారు. ఏమేం జరగవచ్చో తెలిసి, ఒక్కోదానికి ఎంత అవకాశముందో పాత రికార్డులతో అంచనా కట్టగలిగితే అది రిస్క్. అవకాశాల శాతం చెప్పడానికే ఆధారం లేకపోతే అది అనిశ్చితి. ఫలానా కొండ మీద వచ్చే ఏడాది గాలి ఎంత వీస్తుందన్నది మొదటి రకం. పన్నెండేళ్ల తర్వాత ప్రభుత్వం ఈ టారిఫ్‌ను (కరెంటుకు హామీ ఇచ్చిన ధరను) ఇలాగే ఉంచుతుందా అన్నది రెండో రకం.

ఈ తేడా పుస్తకాలకే పరిమితమైనట్టు కనిపిస్తుంది కానీ డబ్బు విషయంలో దీని ప్రభావం చాలా ఉంటుంది. మొదటి రకానికి ఇన్సూరెన్స్ దొరుకుతుంది, బ్యాంకు దాన్ని వడ్డీలో కలుపుకుంటుంది, పది చోట్ల ప్రాజెక్టులు పెట్టి సగటు తీయవచ్చు. రెండో రకానికి ఇవేవీ సరిగ్గా పనిచేయవు. చిక్కేమిటంటే, నివేదికలు రాసేవారికి మొదటి రకంతోనే పని సులువు. అందుకే వందల పేజీలు గాలి, ఎండల మీద నడుస్తాయి. విధానం, మార్కెట్ గురించి నాలుగు పేరాలుంటాయి, అవి కూడా చాలాసార్లు మరో నివేదిక నుంచి ఎత్తి రాసినవే.

పీ50, పీ90 ఎలా పుడతాయి

ప్రాజెక్టుకు అప్పిచ్చే బ్యాంకు అడిగే మొదటి అంకెలు పీ50, పీ90. ఉత్పత్తి ఆ స్థాయిని దాటడానికి, దాటకపోవడానికి సరిసమానంగా అవకాశముంటే అది పీ50. నూటికి తొంభై పాళ్లు దాటుతుందని చెప్పగలిగిన స్థాయి పీ90. సహజంగానే పీ90 అంకె చిన్నది. పీ50కీ దీనికీ ఎంత దూరం ఉంటే అంత అనిశ్చితి ఉన్నట్టు.

ఆ దూరం ఎలా వస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక పవన ప్రాజెక్టులో కొలత పరికరాల లోపం 4 శాతం, ఏడాది కొలతలను దీర్ఘకాల వాతావరణ రికార్డుతో పోల్చడంలో 3 శాతం, కొండలూ గుట్టల మీద గాలి కదలికను మోడల్ చేయడంలో 4 శాతం, ఒక టర్బైన్ వెనక మరో టర్బైన్‌కు గాలి తగ్గే ప్రభావంలో 3 శాతం, ఏటేటా గాలి మారడం వల్ల 6 శాతం అనిశ్చితి ఉందనుకుందాం. వీటిని నేరుగా కూడితే 20 శాతం అవుతుంది. కానీ అన్నీ ఒకేసారి ఒకే వైపు తప్పవని భావించి వర్గాలను కూడి వర్గమూలం తీస్తారు. అప్పుడు వచ్చేది 9.3 శాతం. సాధారణ వితరణ (గణాంకాల్లో వాడే గంట ఆకారపు వక్రరేఖ) ప్రకారం దాన్ని 1.28తో గుణించి, పీ50ని 100 అనుకుని అందులోంచి తీసేస్తే పీ90 అంకె 88 వస్తుంది. పదేళ్ల సగటు తీసుకుంటే ఏటేటా మార్పు 6 నుంచి 1.9 శాతానికి తగ్గుతుంది, పీ90 దాదాపు 90.6కు చేరుతుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పదేళ్లు గడిస్తే సర్దుకునేది ఏటేటా మార్పు ఒక్కటే. పరికరం తప్పు కొలిచినా, మోడల్ తప్పు చెప్పినా ఆ పొరపాటు ప్రాజెక్టు ఆయుష్షంతా ఉంటుంది, ఏ మంచి ఏడాదీ దాన్ని పూడ్చదు. 2019 అక్టోబరులో ఓర్‌స్టెడ్‌కు ఎదురైంది ఇదే. టర్బైన్ల వెనక గాలి తగ్గడం గురించి పరిశ్రమకు ముందే తెలుసు. కానీ టర్బైన్ల గుంపును తాకకముందే, ముందు వైపే గాలి కొంత నెమ్మదిస్తుంది. ఈ అడ్డగింపు ప్రభావాన్నీ, వెనక వైపు తగ్గుదలనూ మోడళ్లు తక్కువగా లెక్కగట్టాయని కంపెనీ ప్రకటించింది. ఏడు ప్రాజెక్టుల మీద ఆశించిన రాబడిని 7.5–8.5 శాతం నుంచి 7–8 శాతానికి తగ్గించుకుంది. అర శాతమేగా అనిపించవచ్చు. కానీ ఇది ఒక టర్బైన్ తప్పు కాదు, అన్ని ప్రాజెక్టులకూ వాడిన లెక్కలోనే ఉన్న తప్పు. కాబట్టి పది చోట్ల పెట్టుబడి పెట్టినా దాని నుంచి రక్షణ లేదు. వర్గమూలం తీసే పద్ధతి సరిగ్గా ఇక్కడే తేలిపోతుంది. విడివిడిగా వస్తాయనుకున్న పొరపాట్లు ఒకే మూలం నుంచి వచ్చాయి.

ఉత్పత్తి 5 శాతం తగ్గితే యజమానికి 24 శాతం

ఉత్పత్తిలో చిన్న తేడా వస్తే పెట్టుబడిదారులు ఎందుకంత టెన్షన్ పడతారో అప్పు లెక్క చూస్తే తెలుస్తుంది. పీ50 ప్రకారం ఏడాది ఆదాయం 100, నిర్వహణ ఖర్చు 20 అనుకుందాం. చేతిలో మిగిలేది 80. బ్యాంకు పీ90 చూస్తుంది కాబట్టి ఆదాయం 90.6గా, మిగులు 70.6గా లెక్క వేస్తుంది. కిస్తీకి 1.2 రెట్లు నగదు ఉండాలని షరతు పెడితే ఏటా కట్టగలిగే కిస్తీ 58.8. అంతా అనుకున్నట్టు జరిగితే యజమానికి 21.2 మిగులుతుంది.

ఇప్పుడు అసలు ఉత్పత్తి అంచనా కంటే 5 శాతం తక్కువని తేలిందనుకుందాం. ఖర్చు తగ్గదు, కిస్తీ తగ్గదు. మిగిలేది 16.2. అంటే ఉత్పత్తి 5 శాతం తగ్గితే యజమాని వాటా 24 శాతం తగ్గింది. పీ90 స్థాయికే పడిపోతే 11.8 మిగులుతుంది, అంటే 44 శాతం కోత. బ్యాంకు మాత్రం రెండు సందర్భాల్లోనూ నిశ్చింతగానే ఉంటుంది. ఒకే ప్రాజెక్టును బ్యాంకు సురక్షితమని, ఈక్విటీ (సొంత పెట్టుబడి) పెట్టినవారు ప్రమాదకరమని అనడంలో వైరుధ్యమేమీ లేదు. అనిశ్చితి అంతా ముందుగా తాకేది ఈ పలుచని వాటానే.

ఇంధనం బిల్లు లేదు, వడ్డీ బిల్లు ఉంది

గ్యాస్ ప్లాంటు కట్టడానికి అయ్యే ఖర్చు దాని జీవితకాల ఖర్చులో కొంతే. మిగతాదంతా రోజూ కొనే ఇంధనం. సౌర, పవన ప్లాంట్లలో ఇది తలకిందులు. ఖర్చు దాదాపు అంతా మొదటి రోజుకే అయిపోతుంది, ఆ డబ్బు తెచ్చినందుకు వడ్డీ రెండు దశాబ్దాలకు పైగా కట్టాలి.

పెట్టుబడి 1,000 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. 25 ఏళ్లలో సమాన వాయిదాల్లో రాబట్టాలంటే 3 శాతం రేటు దగ్గర ఏటా 57 సరిపోతుంది. 7 శాతమైతే 86 కావాలి. 10 శాతమైతే 110. ఎండ అదే, ప్యానెళ్లు అవే, స్థలమూ అదే. రేటు 3 నుంచి 7కు పెరిగితే ఏడాది భారం సగం పెరిగింది. వడ్డీ ఎక్కువున్న దేశాల్లో ఎండ ఎంత బాగున్నా సౌర విద్యుత్తు ఖరీదైపోవడానికి ఇదే ప్రధాన కారణం. ఎండ తక్కువైనా చౌకగా అప్పు దొరికే దేశం వాటితో పోటీ పడగలదు.

2023లో సముద్ర పవన ప్రాజెక్టులు చిక్కుకున్నదీ ఇక్కడే. వేలంలో అమ్మకం ధర ముందే ఖాయమవుతుంది. టర్బైన్లు, కేబుళ్లు, ఓడలు, అప్పు ఇవన్నీ ఆ తర్వాత రెండు మూడేళ్లకు కుదుర్చుకుంటారు. ఈ మధ్యకాలంలో ఉక్కు ధర పెరిగింది, సరఫరా గొలుసులు బిగుసుకున్నాయి, కేంద్ర బ్యాంకులు రేట్లు పెంచాయి. మూడింటికీ వెనక ఉన్నది ద్రవ్యోల్బణమే. వేర్వేరు పట్టికల్లో వేర్వేరు రిస్కులుగా రాసినవన్నీ ఒకే కారణంతో ఒకేసారి మీద పడ్డాయి.

న్యాయంగా చెప్పాలంటే ఇంధన ప్లాంట్లకూ వాటి గండం వాటికి ఉంది. 2022 ఆగస్టులో యూరప్‌లో గ్యాస్ ధర మెగావాట్ గంటకు (వెయ్యి యూనిట్లకు) 300 యూరోలు దాటింది. అప్పటికే కట్టి ఉన్న సౌర, పవన ప్లాంట్ల ఉత్పత్తి ఖర్చు ఆ నెలలో పైసా పెరగలేదు. షిమోన్ ఆవెర్‌బుక్ అనే ఆర్థికవేత్త చాలాకాలం క్రితమే ఈ వాదన ముందుకు తెచ్చారు. యూనిట్ ధర కాస్త ఎక్కువైనా, ఇంధన ధరతో ముడిపడని ప్లాంట్లు కలిస్తే మొత్తం విద్యుత్ వ్యవస్థ రిస్క్ తగ్గుతుందని ఆయన అన్నారు. ఒక్కో ప్లాంటును విడిగా పెట్టి యూనిట్ ఖర్చు పోల్చే పట్టికల్లో ఈ లాభం కనిపించదు.

ఎండ బాగా కాసిన రోజే ధర పడిపోతుంది

సాధారణంగా దిగుబడి బాగుంటే ఆదాయం బాగుండాలి. మార్కెట్ ధరకు అమ్ముకునే సౌర ప్లాంటు విషయంలో ఆ సూత్రం తిరగబడవచ్చు. ఒక ప్రాంతంలోని ప్యానెళ్లన్నీ మధ్యాహ్నం ఒకేసారి కరెంటు ఇస్తాయి. వాటికి అదనపు యూనిట్ ఖర్చు దాదాపు సున్నా, కాబట్టి ఎంత తక్కువ ధరకైనా అమ్మడానికి సిద్ధపడతాయి. సరఫరా ఎక్కువై ధర పడిపోతుంది. సాయంత్రం ధర పెరిగేసరికి అమ్మడానికి వాటి దగ్గర కరెంటు ఉండదు.

ఎంత పడిపోతుందన్నది ఆ ప్రాంతంలో సౌర, పవన వాటా ఎంతన్న దానిమీద ఆధారపడుతుంది. ఇంధన ఆర్థికవేత్త లయన్ హిర్త్ 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పవన విద్యుత్ వాటా సున్నా దగ్గర ఉన్నప్పుడు దానికి సగటు మార్కెట్ ధరలో 110 శాతం దాకా దక్కుతుంది. వాటా 30 శాతానికి చేరితే అది 50–80 శాతానికి దిగుతుంది. సౌర విద్యుత్తుకు ఈ పతనం ఇంకా తక్కువ వాటా దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే ఉత్పత్తి కొద్ది గంటల్లోనే కుక్కినట్టు వస్తుంది. జర్మనీ మార్కెట్‌లో ధర సున్నా కంటే కిందికి వెళ్లిన గంటలు 2023లో 301, 2024లో 457.

రిస్క్ అంచనా వేసేవారికి దీనిలో అసలు ఇబ్బంది వేరే ఉంది. ఈ ధరను నిర్ణయించేది ఆ ప్రాజెక్టు పనితీరు కాదు, ఇంకా కట్టని పొరుగు ప్రాజెక్టులు. ఈరోజు సౌర విద్యుత్తు లాభసాటిగా కనిపిస్తే అందరూ కడతారు, అందరూ కడితే లాభం పోతుంది. బ్యాటరీలు చౌకై ఎక్కువగా వస్తే మధ్యాహ్నం ధర మళ్లీ కొంత లేస్తుంది. అంటే అంచనా వేయాల్సింది వాతావరణాన్ని కాదు, మిగతా పెట్టుబడిదారులు ఏం చేస్తారన్నదాన్ని. గత ముప్పై ఏళ్ల రికార్డు దీనికి పనికిరాదు.

ఒక్క షరతు: టెక్సాస్, 2021 ఫిబ్రవరి

ధర రిస్క్ వద్దనుకునే ప్రాజెక్టు ముందే ఒక ధరకు ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఒప్పందాల్లో రెండు రకాలు ముఖ్యం. ఎంత పండితే అంత కొంటామనేది ఒకటి. పండినా పండకపోయినా గంటకు ఇన్ని యూనిట్లు ఇవ్వాల్సిందే అనేది రెండోది. రెండో రకానికి కాస్త మెరుగైన షరతులు దొరుకుతాయి కాబట్టి టెక్సాస్‌లో చాలా పవన ప్రాజెక్టులు దాన్నే ఎంచుకున్నాయి.

2021 ఫిబ్రవరిలో అక్కడ తీవ్రమైన చలి తుపాను వచ్చింది. గ్యాస్ పైపులు, బావులు, థర్మల్ ప్లాంట్లు ఆగిపోయాయి, కొన్ని టర్బైన్ల రెక్కలకు మంచు పట్టింది. విద్యుత్ ధర గరిష్ఠ పరిమితి అయిన మెగావాట్ గంటకు 9,000 డాలర్లకు చేరి దాదాపు నాలుగు రోజులు అక్కడే నిలిచింది. ఈ పరిస్థితిలో ఒక ఊహాత్మక ప్రాజెక్టును చూద్దాం. గంటకు 50 మెగావాట్ గంటలు, ఒక్కోటి 20 డాలర్లకు ఇస్తానని ఒప్పుకుంది. మామూలు గంటలో దాని ఆదాయం 1,000 డాలర్లు. తుపానులో 10 మాత్రమే ఉత్పత్తి చేయగలిగితే మిగతా 40 మార్కెట్‌లో కొని ఇవ్వాలి. ఖర్చు గంటకు 3,60,000 డాలర్లు. పదిహేను రోజుల ఆదాయం ఒక్క గంటలో పోయినట్టు. నాలుగు రోజులు అలాగే సాగితే నాలుగేళ్ల ఆదాయం పోతుంది.

ఈ ప్రాజెక్టుల పీ90లో తప్పు లేదు. ఏడాది మొత్తం మీద నాలుగు రోజుల గాలి దాదాపు ఒక శాతమే. కానీ ఒప్పందం ఏడాది సగటును అడగలేదు, గంట గంటకూ లెక్క అడిగింది. ధర రిస్కును తొలగించుకోవడానికి చేసుకున్న ఒప్పందమే ఉత్పత్తి రిస్కును ఎన్నో రెట్లు పెంచింది. అంతేకాక, ఉత్పత్తి తగ్గడానికీ ధర ఆకాశానికెక్కడానికీ కారణం ఒక్క తుపానే. ఇదే తీరు అంత తీవ్రంగా కాకున్నా అదే ఏడాది యూరప్‌లోనూ కనిపించింది. వేసవిలో గాలి బలహీనంగా వీచి, బ్రిటన్ కంపెనీ ఎస్‌ఎస్‌ఈ పునరుత్పాదక ఉత్పత్తి కొన్ని నెలలపాటు అనుకున్నదానికంటే 32 శాతం తగ్గింది. ఆ నెలల్లోనే గ్యాస్ ధరలు ఎగబాకాయి.

వేల సార్లు యాదృచ్ఛికంగా లెక్క వేసే మాంటే కార్లో పద్ధతి ఇలాంటివి పట్టుకోగలదు. అయితే ధరకూ ఉత్పత్తికీ మధ్య ముడిని ముందే అందులో పెట్టాలి. ఆ ముడి పెట్టకుండా పదివేల సార్లు నడిపినా వచ్చేది ధీమా కలిగించే ఒక అందమైన గ్రాఫ్ మాత్రమే.

ప్రభుత్వం మాట మారిస్తే

స్పెయిన్ 2007లో సౌర విద్యుత్తుకు యూనిట్‌కు 0.44 యూరోల దాకా హామీ ఇచ్చింది. 400 మెగావాట్ల దగ్గర లక్ష్యం పెట్టుకుంటే, 2008 ఒక్క ఏడాదిలోనే 2,500 మెగావాట్లకు పైగా వచ్చిపడింది. వినియోగదారుల బిల్లుల్లో ఆ భారం పూర్తిగా వేయలేక విద్యుత్ వ్యవస్థలో లోటు పేరుకుపోయింది. 2010లో హామీ వర్తించే గంటలకు పరిమితి పెట్టారు. 2012లో కొత్త ప్రాజెక్టులకు ఆపేశారు. 2013లో పాత ప్రాజెక్టుల హామీని కూడా ఎత్తేసి, దాని స్థానంలో సమంజసమైన రాబడి అనే కొత్త సూత్రం పెట్టారు. పెట్టుబడిదారులు పదుల సంఖ్యలో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) కేసులు వేశారు. చాలావాటిలో గెలిచారు కూడా, కానీ డబ్బు వసూలు మరో సుదీర్ఘ పోరాటమైంది.

దీన్ని ఊహించని పిడుగు అనుకోలేం. టారిఫ్ ఎంత ఉదారంగా ఉంటే దాన్ని మార్చాల్సిన ఒత్తిడి అంత ఎక్కువ. ఖర్చు ఎవరు భరిస్తారో తేలని హామీ, చట్టంలో రాసి ఉన్నా, నిలబడటం కష్టం. కాబట్టి విధాన రిస్కును చూసేటప్పుడు చట్టం పాఠంతో పాటు దాని వెనక డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడటం మేలు. కొనుగోలు చేసే పంపిణీ సంస్థ నష్టాల్లో ఉందా? ఒప్పంద ధర ప్రస్తుత మార్కెట్ ధర కంటే బాగా ఎక్కువగా ఉందా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వస్తే, ఒప్పందం ఎంత గట్టిగా రాసుకున్నా తిరగదోడే ప్రయత్నం ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుందనే అనుకోవాలి.

గ్రిడ్, యంత్రాలు

కరెంటు తయారైనా తీసుకెళ్లే లైను లేకపోతే ఉపయోగం లేదు. చైనాలో 2016లో ఉత్పత్తి చేయగలిగిన పవన విద్యుత్తులో 17 శాతం గ్రిడ్‌కు ఎక్కక వృథా అయింది. గాన్సు ప్రావిన్స్‌లో ఇది 43 శాతం. గాలి బాగా ఉన్నచోటే టర్బైన్లన్నీ వచ్చాయి, లైన్లు వాటి వేగాన్ని అందుకోలేదు. అమెరికాలో 2000 నుంచి 2018 మధ్య గ్రిడ్ అనుసంధానం కోసం దరఖాస్తు చేసిన ప్రాజెక్టుల్లో 2023 చివరికి నడుస్తున్నవి ఐదింట ఒకటి మాత్రమే.

నిర్మాణ ఖర్చు విషయంలో మాత్రం సౌర విద్యుత్తుది మంచి రికార్డు. భారీ ప్రాజెక్టుల మీద పరిశోధన చేసిన బెంట్ ఫ్లూబ్యర్ సేకరించిన వివరాల ప్రకారం, బడ్జెట్ దాటడం సౌర ప్రాజెక్టుల్లో సగటున 1 శాతం, పవన ప్రాజెక్టుల్లో 13, జల విద్యుత్ ఆనకట్టల్లో 75, అణు విద్యుత్తులో 120 శాతం. ఒకే రకం ప్యానెల్‌ను వేలసార్లు బిగించే పనిలో ఆశ్చర్యాలు తక్కువ. ఆనకట్టకు పునాది తవ్వితే కానీ కింద ఏముందో తెలియదు.

కట్టాక వచ్చే ప్రమాదాల్లో వడగళ్లది ప్రత్యేక కథ. ప్యానెళ్లకు చేసే ప్రామాణిక పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచు గోళాన్ని సెకనుకు 23 మీటర్ల వేగంతో కొడతారు. అంతకంటే పెద్ద వడగళ్లు పడే ప్రాంతాల్లోనూ ఆ సర్టిఫికెట్‌తోనే ప్లాంట్లు కట్టారు. 2019 మేలో పశ్చిమ టెక్సాస్‌లోని మిడ్‌వే సౌర ప్లాంటు మీద వడగళ్ల వాన పడితే బీమా నష్టం దాదాపు 7 కోట్ల డాలర్లకు చేరింది. ఆ తర్వాత బీమా కంపెనీలు వడగళ్ల నష్టానికి ఇచ్చే మొత్తం మీద పరిమితులు పెట్టడం మొదలుపెట్టాయి. తుపాను రాకముందే ప్యానెళ్లను నిటారుగా తిప్పి ఉంచితే దెబ్బ బాగా తగ్గుతుంది. చాలాచోట్ల ప్యానెళ్లను సూర్యుడి వెంట తిప్పే ట్రాకర్లు ఉన్నాయి కాబట్టి దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, సమయానికి హెచ్చరిక, సిబ్బందికి స్పష్టమైన ఆదేశం ఉంటే చాలు.

ప్లానర్ల లెక్క వేరు

పెట్టుబడిదారుడు ఒక ప్రాజెక్టును చూస్తాడు. విద్యుత్ ప్రణాళిక వేసేవారు ఇరవై ముప్పై ఏళ్ల వ్యవస్థను చూడాలి. అక్కడ శాతాలు చెప్పలేని అనిశ్చితే ఎక్కువ. 2010 దశకంలో సౌర ప్యానెళ్ల ధర దాదాపు 90 శాతం పడిపోతుందని పెద్ద సంస్థలు కూడా ఊహించలేదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనాలు ఏళ్ల తరబడి వాస్తవ సౌర విస్తరణ కంటే వెనకే ఉన్నాయి. ఇలాంటి తప్పు చవకతనం వైపు జరిగినా నష్టపోయేవారు ఉంటారు. సిలికాన్ ఖరీదుగానే ఉంటుందనే లెక్క మీద, సిలికాన్ వాడని గొట్టాల్లాంటి ప్యానెళ్లు తయారు చేసిన సోలిండ్రా కంపెనీకి అమెరికా ప్రభుత్వం 53.5 కోట్ల డాలర్ల రుణ హామీ ఇచ్చింది. సిలికాన్ ధర కుప్పకూలింది, 2011లో ఆ కంపెనీ దివాలా తీసింది.

వాతావరణ రికార్డు మీద నమ్మకానికీ హద్దుంది. విద్యుత్తులో 80 శాతానికి పైగా జల విద్యుత్ మీద ఆధారపడిన జాంబియాలో 2024 కరవుకు కరీబా జలాశయం అడుగంటి, రోజులో చాలా గంటలు కోతలు విధించాల్సి వచ్చింది. నదులన్నీ ఒకే కరవుకు ఎండుతాయి కాబట్టి ఆనకట్టల సంఖ్య పెంచినంత మాత్రాన రిస్క్ పంచుకున్నట్టు కాదు. సౌర, పవన, జల విద్యుత్తులు కలిసిన వ్యవస్థలో ఒకదాని చెడ్డ నెల మరొకదానికి మంచి నెల కావచ్చు. అయితే చలికాలంలో ఎండా గాలీ రెండూ లేని వారాలు ఉత్తర యూరప్‌కు బాగా తెలుసు. కలపడం వల్ల ఎంత మేలన్నది ఆ ప్రాంత రికార్డు గంటవారీగా చూస్తేనే తేలుతుంది.

శాతాలు చెప్పలేనప్పుడు ఎలా ఎంచుకోవాలి? పశ్చాత్తాపం లెక్క అనే పద్ధతి ఉంది. ఊహాత్మకంగా రెండు ప్రణాళికలు, మూడు భవిష్యత్తులు తీసుకుందాం. బ్యాటరీలు చవకైతే, ఓ మోస్తరుగా ఉంటే, ఖరీదుగానే ఉండిపోతే మొదటి ప్రణాళిక ఖర్చు వరుసగా 85, 95, 135. రెండోది 104, 106, 111. సగటు చూస్తే మొదటిది 105, రెండోది 107, కాబట్టి మొదటిదే మేలు. ఇప్పుడు ఒక్కో భవిష్యత్తులో ఉత్తమ ఎంపిక కంటే ఎంత ఎక్కువ ఖర్చయిందో చూడాలి. మొదటి ప్రణాళిక మూడో భవిష్యత్తులో 24 నష్టపోతుంది. రెండోది మొదటి భవిష్యత్తులో 19 నష్టపోతుంది. చెత్త పరిస్థితిలో పశ్చాత్తాపం తక్కువ కావాలంటే రెండోదే. రెండు పద్ధతులు రెండు జవాబులిచ్చాయి. ఇక్కడ గణితం పని అయిపోయి, సమాజం ఎంత చేదును ఓర్చుకోగలదన్న నిర్ణయం మొదలవుతుంది. చాలా నివేదికలు ఈ నిర్ణయాన్ని సగటు అనే ఒక్క అంకె కింద దాచేస్తాయి.

ఇక్కడే సౌర, పవన విద్యుత్తుకు ఒక సౌలభ్యం ఉంది. 1,000 మెగావాట్లను ఒకేసారి కాకుండా 200 చొప్పున కట్టవచ్చు. రెండేళ్లు చూసి, ధరలు మారితే దారి మార్చుకోవచ్చు. పదేళ్లు పట్టే భారీ ప్లాంటుకు మధ్యలో ఆగే వీలు ఉండదు. విడతల వారీగా కట్టడంలో యూనిట్ ఖర్చు కొంచెం పెరుగుతుంది. ఆ తేడాను వృథా అనుకోకుండా, నిర్ణయాన్ని వాయిదా వేసుకునే హక్కుకు చెల్లించే రుసుముగా చూడాలి.

ఇప్పుడు ఏం మారుతోంది

2023లో బిడ్లు రాకపోయాక బ్రిటన్ సముద్ర పవన విద్యుత్తుకు గరిష్ఠ ధరను 2012 ధరల లెక్కలో మెగావాట్ గంటకు 44 పౌండ్ల నుంచి 73కు పెంచింది. 2024 వేలంలో 58.87 పౌండ్ల దగ్గర ప్రాజెక్టులు వచ్చాయి. ఆ తర్వాతి వేలానికి పవన, సౌర ఒప్పందాల గడువును 15 నుంచి 20 ఏళ్లకు పెంచింది. అదే సమయంలో మరో వైపు షరతులు బిగుస్తున్నాయి. బ్రిటన్ కొత్త ఒప్పందాల్లో మార్కెట్ ధర సున్నా కిందికి వెళ్లిన గంటలకు చెల్లింపు లేదు. జర్మనీ కూడా 2025 ఫిబ్రవరి నుంచి కొత్త సౌర ప్లాంట్లకు అలాంటి గంటల్లో హామీ సొమ్ము ఆపేసింది.

అంటే వడ్డీ, ద్రవ్యోల్బణం తెచ్చే భారంలో కొంత వినియోగదారుడి వైపు వెళ్లింది. అందరూ ఒకేసారి ఉత్పత్తి చేయడం వల్ల వచ్చే ధర భారం డెవలపర్ (ప్రాజెక్టు కట్టేవారి) వైపు వచ్చింది. దీనిలో తర్కం ఉంది. కేంద్ర బ్యాంకు రేటును ఏ డెవలపరూ మార్చలేడు, కానీ బ్యాటరీ పెట్టడమో, ప్యానెళ్లను తూర్పు పడమరలకు తిప్పి ఉదయం, సాయంత్రం ఉత్పత్తి పెంచడమో అతని చేతిలో పని. ఎవరు తగ్గించగలరో వారి మీదే ఆ రిస్క్ ఉండాలన్నది ఒప్పందాల పాత సూత్రం. ఇందులో మిగిలిపోయిన చిక్కు గడువుది. 20 ఏళ్ల ఒప్పందంతో పెట్టుబడిదారుడికి మార్కెట్ ధరకు అమ్ముకోవాల్సిన చివరి ఏళ్లు తగ్గాయి, కాబట్టి తక్కువ ధరకు బిడ్ వేయగలడు. వినియోగదారుడు మాత్రం ఈనాటి టెక్నాలజీ ధరకు మరో ఐదేళ్లు అదనంగా కట్టుబడ్డాడు. ఈలోగా కరెంటు చవకైతే ఆ తేడా అతని బిల్లులోనే కనిపిస్తుంది, ఖరీదైతే ఆ లాభమూ అక్కడికే చేరుతుంది.